ఒక తెలుగు పుస్తకం, ఒకే ఫైలు, అయిదు పరికరాలు: ఈపబ్ ప్రాజెక్టు డైరీ

చేతిలో ఉన్నది, కావలసింది

పుస్తకం మా పెదనాన్నది. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక పాత పనిముట్లు, కొలతలు, నీటి లెక్కల మీద రాసిన 31 వ్యాసాలు. 214 పేజీలు. 2003లో 500 కాపీలు వేశారు. ఇంట్లో ఇప్పుడు మిగిలినవి రెండు కాపీలు, డీటీపీ చేసినాయన ఇచ్చిన ఒక సీడీ.

దీన్నుంచి ఒకే ఒక ఈపబ్ (ఈ-పుస్తకాల ఫార్మాట్) ఫైలు తయారు కావాలి. పెద్దమ్మ ఆండ్రాయిడ్ ఫోను, మేనత్త టాబ్లెట్, డల్లాస్‌లో అన్నయ్య దగ్గరున్న కొత్త ఈ-ఇంక్ రీడరు (ఈ-పుస్తకాలు చదివే పరికరం), నా దగ్గరున్న పాత ఈ-ఇంక్ రీడరు, తమ్ముడి లైనక్స్ లాప్‌టాప్: అయిదింటిలోనూ తెరుచుకోవాలి. ఈ పుస్తకం కోసం ఎవరూ కొత్త పరికరం కొనకూడదు, ఎక్కడా ఖాతా తెరవాల్సిన పని ఉండకూడదు. ఆరో షరతు పెదనాన్నది. గ్లకోమా వల్ల ఆయనకు అక్షరాలు ఆనడం లేదు కాబట్టి ఫోను చదివి వినిపించాలి.

మొదలుపెట్టక ముందే ఆయన దగ్గర అనుమతి రాయించుకుని సంతకం పెట్టించాను. మన చట్టంలో కాపీరైటు రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఇంటి పుస్తకమే కదా అని వదిలేస్తే రేపు పంచిపెట్టేటప్పుడు ఇబ్బంది. అట్ట మీద బొమ్మ వేసినాయన వేరు, ఆయన దగ్గర విడిగా తీసుకున్నాను. మీరు చేసేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

దశ 1: సీడీ, స్కానింగు

సీడీలో ఉన్నవి పాత డీటీపీ ఫైళ్లు. నా దగ్గర వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ లేదు. సరే, స్కాన్ చేద్దామని ఫోన్‌తో పేజీలు ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. కుట్టు దగ్గర అక్షరాలు వంగిపోయాయి, ఫొటోల్లో నీడలు పడ్డాయి. 60 పేజీలు తీశాక ఆపేశాను. నాలుగు గంటలు పోయాయి.

తర్వాత తోచింది. ఊళ్లో పెళ్లి కార్డులు వేసే డీటీపీ షాపులో ఆ పాత సాఫ్ట్‌వేర్, ఆ పాత ఫాంట్లు ఇంకా ఉన్నాయి. సీడీ ఇస్తే పీడీఎఫ్ చేసి ఇచ్చారు, 800 రూపాయలు. పీడీఎఫ్ నుంచి 300 డీపీఐలో ప్రతి పేజీని బొమ్మగా తీసుకున్నాను. నీడ లేదు, వంకర లేదు. 600లో కూడా తీసి చూశాను, తర్వాతి దశలో తేడా ఏమీ రాలేదు, ఫైళ్లు మాత్రం బరువెక్కాయి. 300 చాలు.

ఇప్పటిదాకా: 5 గంటలు, 800 రూపాయలు.

దశ 2: పీడీఎఫ్‌లో తెలుగు కనిపిస్తుంది, ఉండదు

పీడీఎఫ్ తెరిచి "తూము" అని వెతికాను. ఫలితాలు సున్నా. కొలతల వ్యాసం మొత్తం తూముల గురించే. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గందరగోళం వచ్చింది.

కారణం అందరూ తెలుసుకోవాల్సింది. ఆ రోజుల డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టాయి. ఒక స్థానంలో తలకట్టు, ఒక దాంట్లో కొమ్ము, ఇంకో దాంట్లో వత్తు. ఫాంటు ఉన్నంతసేపు తెలుగులా కనిపిస్తుంది, తీసేస్తే తెలుగు మిగలదు. ప్రతి భాష అక్షరానికీ సొంత స్థానం ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది, కానీ మన అచ్చు పని ఇంకా చాలా ఏళ్లు ఈ ఫాంట్లలోనే సాగింది. ఈ-పుస్తకాల తాళాల గురించి మాట్లాడుతున్నప్పుడు వేరే చోట తెరుచుకోకుండా కంపెనీలు కావాలని వేసే తాళాలే గుర్తొస్తాయి. ఈ పుస్తకానికి ఎవరూ వేయకుండానే తాళం పడింది. ఏ పరికరంలో చదవాలో ఎంచుకునే స్వేచ్ఛ పాఠకుడికి రావాలంటే ముందు పుస్తకంలోని ప్రతి అక్షరం నిజంగా తెలుగు అక్షరం కావాలి. అన్ని దశల్లోకీ ఎక్కువ గంటలు దీనికే పోయాయి, పోనీ.

రెండు దారులు ప్రయత్నించాను. పరీక్షకు 10 పేజీలు, 2,270 మాటలు తీసుకున్నాను.

1. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కి మార్చే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం): 182 మాటలు తప్పు, 8 శాతం. వత్తు ఎక్కడ చేరాలో దానికి తెలియడం లేదు. "కాల్వ" అని ఉండాల్సిన చోట ల-వత్తు, వ-వత్తు తారుమారయ్యాయి.
2. టెస్సరాక్ట్ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే ప్రోగ్రాం), తెలుగు డేటాతో: 134 మాటలు తప్పు, 5.9 శాతం. ఇది ఘ, ఝ లాంటి అక్షరాల దగ్గర, చిన్న సైజు అధోజ్ఞాపికల దగ్గర తడబడింది.

ఒక్కదాన్నే నమ్ముకుంటే 48,600 మాటలూ కంటితో సరిచూడాలి. కానీ రెండూ చేసే తప్పులు వేరు వేరు. అందుకని రెండు ఫలితాలనీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న మాటల్ని మాత్రమే చూపించే చిన్న పైథాన్ స్క్రిప్టు రాశాను. 6,120 మాటల దగ్గర తేడా వచ్చింది. పేజీ బొమ్మ చూసి సరైనదాన్ని ఎంచుకోవడానికి మాటకు సగటున 9 సెకన్లు పట్టింది. మొత్తం 15 గంటలు, రోజుకు గంటకు మించకుండా. గంట దాటితే కన్ను తప్పుని ఒప్పుగా చదివేస్తుంది.

పని అయ్యాక అదే 10 పేజీలు మళ్లీ పూర్తిగా చదివాను. 21 తప్పులు మిగిలాయి. ఆ లెక్కన పుస్తకమంతా కలిపి 450 దాకా ఉండాలి.

ఇప్పటిదాకా: 29 గంటలు, 800 రూపాయలు, ఇంకా ఉన్న తప్పులు సుమారు 450.

దశ 3: ఱ, ౘ, ౙ, ౿

ఈ దశ నా జాబితాలో లేదు. పెదనాన్నకి మొదటి వ్యాసం చదివి వినిపిస్తూ "చెరువు" అన్నాను.

"అక్కడ బండి ఱ వేశానమ్మాయ్, చూడు" అన్నారు.

"ఇక్కడ మామూలు ర ఉంది పెదనాన్నా."

"అచ్చు పుస్తకంలో చూడు, ఫైల్లో కాదు."

చూస్తే "చెఱువు" అనే ఉంది. తప్పు నాదే. స్క్రిప్టు "చెరువు" అని, ఓసీఆర్ "చెణువు" అని ఇచ్చాయి. నేను బొమ్మ సరిగ్గా చూడకుండా, నాకు అలవాటైన వర్ణక్రమాన్ని ఎంచుకుంటూ పోయాను. ఏఱు, కఱ్ఱ, పఱ్ఱ అన్నీ అలాగే పోయాయి. రచయిత కావాలని రాసిన అక్షరాన్ని నేను తుడిచేశాను. పదాల జాబితా తీసి, ఱ రావాల్సిన మాటలన్నీ వెతికి దిద్దాను.

ౘ, ౙ (దంత్య చ, జ) ది ఇంకో కథ. 2003 నాటి ఫాంటులో అవి లేవు. చ, జ అక్షరాల మీద చిన్న ౨ ని ప్రెస్సులో ట్రేసింగు కాగితం మీద పెన్నుతో పెట్టించారట పెదనాన్న. అంటే ఆ గుర్తులు సీడీలో లేవు, పీడీఎఫ్‌లో లేవు. అచ్చు కాపీలో మాత్రమే ఉన్నాయి. 214 పేజీలూ తిప్పి వాటినే వెతికాను: 74 చోట్ల దొరికాయి. అలా తిప్పుతున్నప్పుడే ఇంకోటి బయటపడింది. చివరి ప్రూఫు దిద్దుబాట్లు కూడా ట్రేసింగు మీద అతికించినవే, రెండు పేరాలు సీడీకీ అచ్చుకీ వేరుగా ఉన్నాయి. అచ్చు కాపీనే ప్రమాణంగా తీసుకున్నాను.

తూము గుర్తు ౿ పుస్తకంలో చేత్తో గీసిన బొమ్మ. యూనికోడ్‌లో 2008లో 5.1 వెర్షన్‌తో ౘ, ౙ, ౿ చేరాయి, పాత భిన్నాల గుర్తులు కూడా. పుస్తకం వచ్చిన అయిదేళ్లకి. ఇప్పుడు అది బొమ్మ కాదు, అక్షరం. వెతికితే దొరుకుతుంది. కానీ చాలా తెలుగు ఫాంట్లలో దీనికి రూపం లేదు, ఖాళీ డబ్బా కనిపిస్తుంది. నోటో సెరిఫ్ తెలుగులో ఉంది. ఫాంటు ఎంపిక అక్కడే తేలిపోయింది.

ఈ దశలో దిద్దినవి: 112. మిగిలిన అంచనా: సుమారు 340.

ఇప్పటిదాకా: 35 గంటలు, 800 రూపాయలు.

దశ 4: ఫార్మాట్ ఎంపిక, ఈపబ్ కట్టడం

ఫార్మాట్ విషయంలో నాకు పెద్దగా తర్జనభర్జన లేదు. ఒక యాప్‌లో డబ్బు పెట్టి కొన్న తొమ్మిది తెలుగు పుస్తకాలు ఆ యాప్ ఆగిపోయిన రోజున పోగొట్టుకున్నదాన్ని. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు కొన్నవాళ్లకి డబ్బు వాపసు ఇచ్చింది, పుస్తకాలు మాత్రం తెరుచుకోవడం మానేశాయి. 2025 ఫిబ్రవరిలో అమెజాన్, కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీ తీగతో ఎక్కించుకునే సౌకర్యం తీసేసింది. పెదనాన్న రాసింది అలాంటి నిర్ణయాల మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

ఈపబ్ బహిరంగ ప్రమాణం. 2007లో వచ్చింది, 2011లో ఈపబ్ 3 అయింది. ఇప్పుడు దాన్ని చూసుకునేది వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ, 2023లో 3.3 వెర్షన్ ఇచ్చింది. లోపల చూస్తే జిప్ చేసిన వెబ్ పేజీలే. పేరు చివర జిప్ అని మారిస్తే ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. కిండిల్‌కి కూడా 2022 నుంచి ఈపబ్ ఫైలునే పంపొచ్చు, వాళ్ల వైపు వాళ్ల ఫార్మాట్‌లోకి మారుతుంది.

వాడిన టూల్స్ అన్నీ ఉచితం: ఈపబ్ కట్టి దిద్దడానికి సిజిల్, ఈ-పుస్తకాలను సర్దడానికి, మార్చడానికి క్యాలిబర్, ఫైల్లో తప్పులు పట్టడానికి ఈపబ్‌చెక్. క్యాలిబర్ పుట్టుక కూడా ఇలాంటి ఇబ్బంది నుంచే. 2006లో కోవిద్ గోయల్ తన సోనీ రీడరు లైనక్స్‌తో పనిచేయక రాసుకున్న ప్రోగ్రాం అది.

కట్టిన వరుస:

1. వ్యాసానికో ఫైలు, మొత్తం 31. ఫైళ్ల పేర్లు ఖాళీలు లేకుండా, అంకెలతో.
2. ప్రతి ఫైల్లో భాష తెలుగు అని గుర్తు. ఇది లేకపోతే ఫోను ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది.
3. శీర్షికలన్నీ శీర్షికలుగానే గుర్తించడం, ఉత్తి లావు అక్షరాలుగా కాదు.
4. పేజీ నంబర్లు, పేజీ పైన వచ్చే పుస్తకం పేరు తీసేయడం.
5. "బకింగ్‌హాం" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కలవకుండా ఆపే కనిపించని అక్షరం పెట్టడం. లేకపోతే గ కింద హ వత్తు పడుతుంది. ఇవి 63.

చెడిపోయినవి ఇవీ.

వరుసల మధ్య దూరం 1.2 పెట్టాను, ఇంగ్లీషు పుస్తకాల నుంచి తీసుకున్న కొలత. పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడ్డాయి. 1.4 కూడా చాలలేదు. 1.65 దగ్గర కుదిరింది.

శీర్షికల్లో అక్షరాల మధ్య కాస్త ఎడం పెడితే అందంగా ఉంటుందనుకున్నాను. రెండు పరికరాల్లో వత్తులు అక్షరాన్ని వదిలి పక్కకి జరిగాయి. తీసేశాను. తెలుగులో ఆ సెట్టింగు జోలికే పోవద్దు.

రెండు అంచులూ సమానంగా సర్దితే ఫోను తెరమీద మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. మన మాటలు పొడుగు, వరుసకు మూడో నాలుగో పడతాయి. ఎడమ అంచుకే సర్దాను.

ఫాంటు బరువు తగ్గిద్దామని ఆన్‌లైన్‌లో దొరికిన ఒక టూల్‌తో పుస్తకంలో వాడిన అక్షరాలనే ఉంచి మిగతావి తీసేశాను. వత్తులన్నీ మాయమయ్యాయి. వత్తుల రూపాలకు విడిగా యూనికోడ్ స్థానాలు ఉండవు, ఫాంటు లోపలి నియమాల వల్ల వస్తాయి. అక్షరాల జాబితా చూసి కోసే టూల్ వాటిని అనవసరం అనుకుంది. పూర్తి ఫాంటే పెట్టాను. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి పుస్తకంలో పొదగడానికి అడ్డు లేదు.

ఈపబ్‌చెక్ మొదటిసారి 64 తప్పులు చూపింది. వాటిలో 41 బొమ్మలను జాబితాలో నమోదు చేయకపోవడం వల్ల. ఒకటి మాత్రం ప్రాణం తీసింది: ఈపబ్ జిప్‌లో మైమ్‌టైప్ అనే చిన్న ఫైలు అన్నిటికంటే ముందు, కుదించకుండా ఉండాలి. నేను సిజిల్‌లో కాకుండా విడిగా దిద్ది, ఫోల్డర్ మీద కుడి నొక్కు నొక్కి జిప్ చేశాను. వరుస మారిపోయింది. విప్పి దిద్దితే మళ్లీ సిజిల్‌తోనే మూట కట్టండి.

ఇప్పటిదాకా: 46 గంటలు, 800 రూపాయలు, ఈపబ్‌చెక్ తప్పులు 0, ఫైలు 3.4 ఎంబీ, అందులో బొమ్మలు 2.7.

దశ 5: అయిదు పరికరాలు

లాప్‌టాప్, టాబ్లెట్: మొదటిసారే సరిగ్గా వచ్చింది. రాయడానికి ఏమీ లేదు.

పెద్దమ్మ ఫోను: యాప్ తన సొంత ఫాంటు వాడుతోంది, ౿ దగ్గర డబ్బా. సెట్టింగుల్లో ప్రచురణకర్త ఫాంటు అన్నదాన్ని ఎంచుకుంటే వచ్చింది. కానీ అందరూ సెట్టింగుల్లోకి వెళ్లరు. అందుకని గుర్తు వచ్చిన ప్రతిచోటా పక్కన "తూము" అనే మాట కూడా రాశాను. పెదనాన్న ఒప్పుకున్నాకే.

అన్నయ్య రీడరు: పంపిన ఫైలు ఆ కంపెనీ ఫార్మాట్‌లోకి మారేటప్పుడు కొలతల పట్టికలు చెదిరిపోయాయి. "గిద్దలు" ఒక పేజీలో, వాటి లెక్క తర్వాతి పేజీలో. నాలుగు నిలువు వరుసల పట్టిక ఆరంగుళాల తెర మీద నిలబడదు, ఏ కంపెనీదైనా. పట్టికలన్నీ వాక్యాలుగా విప్పాను: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. చదవడానికీ ఇదే బాగుంది, వినడానికి మరీను. ఫైలు తీగతో ఎక్కించి చూడమని వదినకి చెప్తే, ఆవిడ దగ్గరున్నది చార్జింగుకే పనికొచ్చే తీగ, డేటా పోదు. మంచి తీగకి 250 రూపాయలు పంపాను.

నా పాత ఈ-ఇంక్ రీడరు: ఇక్కడే అసలు దెబ్బ. "క్షేత్రం" అనే మాట క, పొల్లు, ష, ఏత్వం అన్నీ విడివిడిగా. ఫాంటు తప్పేమో అనుకుని ఆరు గంటల పాటు మండలి, సూరన్న, రామభద్ర, పోతన 2000 అన్నీ పొదిగి చూశాను. ఒక్కదాంతోనూ మారలేదు. మారదు కూడా. ఫాంటులో రూపాలు ఉంటాయి, వాటిని ఏ వరుసలో అతికించాలో చూసుకునేది చదివే సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేర్‌కి భారతీయ లిపులు తెలియకపోతే ప్రపంచంలోని ఏ ఫాంటూ ఏమీ చేయలేదు. ఫాంటు మార్చే ముందు ఇది తేల్చుకోండి: పరికరంలో మెనూలో గానీ, ఫైలు పేరులో గానీ "స్త్రీ" అని పెట్టి చూడండి. అక్కడా విడిపోతే సాఫ్ట్‌వేర్ సంగతే.

పరిష్కారం కోరీడర్. పరికరంలో ఉన్న పుస్తకాల ప్రోగ్రాం పక్కనే ఎక్కించుకునే ఉచిత ప్రోగ్రాం. అందులో అక్షరాలను అతికించే హార్ఫ్‌బజ్ అనే కోడుతో వత్తులు సరిగ్గా పడతాయి. అదే పరికరం, అదే ఫైలు, "క్షేత్రం" క్షేత్రంగా వచ్చింది. తాను కొన్న పరికరంలో తనకి కావలసిన ప్రోగ్రాం పెట్టుకోనివ్వడం తెలుగు చదివేవాళ్లకి ఎంత అవసరమో ఆ రోజు తెలిసింది. అది ఎక్కించలేని వాళ్ల కోసం 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 ఎత్తుతో ఒక పీడీఎఫ్ కూడా చేశాను.

ప్రతి పేజీనీ బొమ్మగా పెట్టి ఈపబ్ చేస్తే అన్ని పరికరాల్లోనూ వస్తుంది కదా అని తమ్ముడు అడిగాడు. వస్తుంది. అక్షరం పెద్దది చేసుకోవడం, వెతుక్కోవడం, వినడం మూడూ పోతాయి. వద్దన్నాను.

ఇప్పటిదాకా: 60 గంటలు, 1,050 రూపాయలు.

దశ 6: వినడం

పెదనాన్న ఫోన్‌లో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది. మొదటి రోజు రెండు ఇబ్బందులు. వ్యాసాల సంఖ్యలు తెలుగు అంకెల్లో ౧, ౨ అని ఉంటే గొంతు చదవకుండా దాటేసింది. వాటిని 1, 2గా మార్చాను, పాత లెక్కల ఉదాహరణల్లో మాత్రం తెలుగు అంకెలే ఉంచి పక్కన మాటల్లో రాశాను. రెండోది, బొమ్మలకు వివరణ లేదు. 41 బొమ్మలకూ ఒక్కో వాక్యం కావాలి. ఏతాం బొమ్మకి నేను "నీరు తోడే పనిముట్టు" అని రాస్తే ఆయన ఒప్పుకోలేదు. నిట్రాట ఎక్కడుంది, దూలం మీద మనిషి ఏ వైపు నడుస్తున్నాడు, బాన ఎటు వేలాడుతోంది, అన్నీ ఆయనే చెప్పారు, నేను రాశాను. 41 వివరణలూ ఆయనవే.

పుస్తకం మొత్తం వినడానికి ఎనిమిది గంటల పైన పడుతుంది. ఆయన 19 రోజుల్లో విన్నారు. తప్పు వినపడ్డ చోట ఆపి, పెద్దమ్మ చేత వ్యాసం పేరు, ముందు వెనక మాటలు కాగితం మీద రాయించారు. 297 తప్పులు. కంటికి ఆనని తప్పులు చెవికి దొరికాయి. "కుంచం" బదులు "కంచం" అని ఉంటే నేను మూడుసార్లు చదివి దాటేశాను, ఆయన మొదటి వినికిడిలోనే పట్టుకున్నారు.

చూపు లేనివాళ్లు చదువుకోగలిగే ప్రతులు దేశాల మధ్య పంచుకోవడానికి మరాకేష్ ఒప్పందం ఉంది. 2014లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనది. మన కాపీరైటు చట్టంలో 2012 సవరణతో అలాంటి ప్రతులు చేసుకునే వెసులుబాటూ ఉంది. కానీ పాత ఫాంటులో ఇరుక్కున్న తెలుగు పుస్తకానికి ఆ హక్కు వల్ల ఒరిగేది తక్కువ. ముందు ఎవరో ఒకరు కూర్చుని దశ 2 చేయాలి.

297 దిద్దాక వేరే 10 పేజీలు తీసి అచ్చు కాపీతో పోల్చాను. రెండు తప్పులు. పుస్తకం మొత్తానికి ఇంకా 40 దాకా ఉండొచ్చు.

ఇప్పటిదాకా: 69 గంటలు, 1,050 రూపాయలు, దిద్దిన తప్పులు దశ 3, 6 కలిపి 409.

ప్రస్తుతం

వెర్షన్ 1.4 అయిదు పరికరాల్లోనూ ఉంది. తాళం లేదు. మొదటి పేజీలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు వాక్యం పెదనాన్న తన మాటల్లో చెప్పి రాయించారు: పేరు ఉంచండి, ఎవరికైనా ఇవ్వండి, దిద్దితే దిద్దామని చెప్పండి.

మిగిలినవి:

1. పాత భిన్నాల గుర్తులు ఇంకా బొమ్మలుగానే ఉన్నాయి, 17 చోట్ల. అక్షరాలుగా మార్చాలి.
2. తెలుగు వికీసోర్స్‌లో పెట్టడానికి కావలసిన అనుమతి పత్రం పంపాలి.
3. వ్యాసం 22లో ఒక మాట. అచ్చులో "పందుం", సీడీలో "పందుము". పెదనాన్న రెండు రోజుల నుంచి ఆలోచిస్తున్నారు. తన చేతిరాత ప్రతి అటక మీద ట్రంకు పెట్టెలో ఉందట. ఆదివారం దించుతాం.